కార్పొరేటర్ నుంచి ఢిల్లీ దాకా: కర్నూలులో తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు కర్నూలులో చిన్న జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్‌తో పాటు అర్జీలు టైపు చేసిస్తా. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ కాబట్టి ఆ రోజు పొద్దున ఏడింటికే షట్టర్ ఎత్తాలి. అర్జీకి పట్టేది పది నిమిషాలు, ఆ తర్వాత రాజకీయం మీద పడితే అరగంట. "మేయర్ కాడికి పోవాల్నా, ఎంపీ కాడికి పోవాల్నా", "ఫలానా ఆయన ఎట్లా అంత పైకి పోయినాడు" అని అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటే, ఒకసారి రాసి పెట్టేస్తే నాకూ నోటినొప్పి తగ్గుతుందనిపించింది. నాకు తెలిసింది రాస్తున్నా. ఏ పార్టీ జెండా నా భుజం మీద లేదు.

మేయర్ పెద్దా, ఎంపీ పెద్దా?

ఈ ప్రశ్న లేని సోమవారం లేదు. ప్రోటోకాల్‌లో ఎంపీయే పెద్ద, అందులో వాదన లేదు. కానీ మీ ఇంటి ముందు కుళాయి, కాలువ, వీధిలైటు, చెత్తబండి, ఇంటిపన్ను, జనన ధ్రువపత్రం, ప్లాన్ అప్రూవల్ ఇవన్నీ కార్పొరేషన్ పనులు. జాతీయ రహదారి, రైలు, విమానాశ్రయం, పాస్‌పోర్ట్, పోస్టాఫీసు, కేంద్ర పథకాల డబ్బు ఎంపీ మాట్లాడాల్సినవి. ఈ రెండింటి మధ్య ఎమ్మెల్యే ఉంటాడు, నిజం చెప్పాలంటే మన దగ్గర జనం ముందుగా పోయేది ఆయన దగ్గరికే, ఆయన పరిధి కాని పనికి కూడా. కాబట్టి ఎవరు పెద్ద అని కాకుండా ఈ పని ఎవరిది అని అడిగితే చెప్పులు తక్కువ అరుగుతాయి.

మా వీధి కాలువ గురించి ఎంపీకి అర్జీ పెడితే పని అవుతుందా?

పెట్టొచ్చు, ఎవరూ ఆపరు. ఎంపీ ఆఫీసు దాని మీద ఒక లెటర్ జతచేసి కమిషనర్‌కు పంపుతుంది. అంటే తిరిగి తిరిగి అక్కడికే చేరుతుంది, మధ్యలో కొన్ని రోజులు పోతాయి.

ఒక పెద్దాయన వచ్చినాడు మొన్న వేసవిలో. చేతిలో రూళ్ల కాగితం, నాలుగు మడతలు, చెమటకు సిరా కారింది. కర్నూలు ఎంపీ గారికి అని టైపు చేయమన్నాడు. మీ ఇల్లు యాడ అంటే కల్లూరు వైపు అన్నాడు. ఓటు ఎక్కడ వేసినావు పెద్దాయనా అంటే, పాణ్యం ఎమ్మెల్యేకి అన్నాడు. అట్లయితే నీ ఎంపీ నంద్యాల ఎంపీ కదా అన్నాను. నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది, నేనేదో నంద్యాలకు అమ్మేసినట్టు. "నేను కర్నూలులో ఉండేది, కర్నూలులో పన్ను కట్టేది, నాకు నంద్యాల ఎంపీ ఏంది" అన్నాడు. చివరికి ఇద్దరికీ పెడదాం అని రెండు కాపీలు తీయించుకుని పోయినాడు. నాకు నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చింది అనుకోండి.

ఒకే నగరానికి ఇద్దరు ఎంపీలు ఎట్లా ఉంటారు?

నియోజకవర్గాల గీతలు, కార్పొరేషన్ గీతలు వేరువేరుగా గీస్తారు. కర్నూలు కార్పొరేషన్‌లో 52 వార్డులు. అవి కర్నూలు అసెంబ్లీ నియోజకవర్గంతో ఆగిపోవు, కల్లూరు భాగం పాణ్యంలో ఉంది, కొంత కోడుమూరులో ఉంది. కోడుమూరు కర్నూలు లోక్‌సభ కిందికి వస్తుంది, పాణ్యం మాత్రం నంద్యాల లోక్‌సభ కిందికి. కర్నూలు లోక్‌సభ అంటే కర్నూలు, పత్తికొండ, కోడుమూరు, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఆదోని, ఆలూరు, ఈ ఏడు సీట్లు. అంటే కర్నూలు ఎంపీ ఓట్లలో ఎక్కువ భాగం పల్లెలవే, నగరం ఒక వాటా మాత్రమే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

ఎంపీ కార్పొరేషన్ మీటింగ్‌లో ఎందుకు కూర్చుంటాడు?

ఆయన అందులో ఎక్స్అఫీషియో సభ్యుడు కాబట్టి. నగరం ఏ ఎమ్మెల్యే, ఏ ఎంపీ పరిధిలో ఉందో వాళ్లందరికీ కౌన్సిల్‌లో చోటు ఉంటుంది. రాజ్యాంగంలో 243ఆర్ అధికరణం దీనికి దారి ఇచ్చింది. 2021 మార్చిలో మేయర్ ఎన్నికలు జరిగినప్పుడు కార్పొరేటర్లతో పాటు వీళ్ల ఓట్లు కూడా లెక్కలోకి వచ్చాయి. రెండు మూడు ఓట్ల తేడా ఉన్న ఊళ్లలో ఈ ఓట్లే కుర్చీ ఎవరిదో తేలుస్తాయి.

కార్పొరేటర్‌గా నిలబడాలంటే ఏం కావాలి?

21 ఏళ్లు నిండాలి, ఆ కార్పొరేషన్ ఓటర్ల జాబితాలో పేరు ఉండాలి. వార్డు రిజర్వేషన్ మీకు సరిపోవాలి, ఇదే అసలు తలనొప్పి, ఎందుకంటే ఐదేళ్లు వీధివీధి తిరిగి పేరు తెచ్చుకున్నవాడి వార్డు తర్వాతసారికి మహిళకో ఇంకో వర్గానికో పోతుంది. అప్పుడు భార్యను నిలబెడతారు, ప్రచారం ఈయన చేస్తాడు, ఫ్లెక్సీలో ఆమె ఫొటో కంటే ఈయన ఫొటో పెద్దగా ఉంటుంది. ఇద్దరు పిల్లల నిబంధన గురించి ఇంకా అడుగుతున్నారు. ముగ్గురు పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదు అన్న ఆ నియమాన్ని మన అసెంబ్లీ 2024 నవంబర్‌లో తీసేసింది.

మరి ఎమ్మెల్యే, ఎంపీ అయ్యేందుకు వయసు?

అసెంబ్లీకి, లోక్‌సభకు 25. రాజ్యసభకు, శాసనమండలికి 30.

మేయర్‌ను జనం నేరుగా ఎందుకు ఎన్నుకోరు?

ఒకప్పుడు ఎన్నుకునేవాళ్లు. 2002లో హైదరాబాద్ మేయర్‌గా తీగల కృష్ణారెడ్డి అట్లా నేరుగా ఓట్లతో గెలిచినవారే. తర్వాత పద్ధతి మారింది, ఇప్పుడు కార్పొరేటర్లు, ఎక్స్అఫీషియో సభ్యులు చేతులెత్తి ఎన్నుకుంటారు. చెప్పుకోవడానికి చేతులెత్తేది వాళ్లు, పేరు మాత్రం పార్టీ నుంచి సీల్డ్ కవర్‌లో వస్తుంది. జనం ఓటు వేసిన రోజుకు మేయర్ ఎవరో ఖాయంగా తెలియదు. నగరం మొత్తం తిరిగి ఓటు అడిగిన మనిషి కాదు కాబట్టి, నగరం మొత్తం ఆయన్ను తనవాడిగా గుర్తుపట్టదు కూడా.

మేయర్ చేతిలో అసలు ఏ అధికారం ఉంటుంది?

కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షత వహిస్తాడు, అజెండా మీద చర్చ నడిపిస్తాడు, స్టాండింగ్ కమిటీ ఉంటుంది, బడ్జెట్ కౌన్సిల్ ఆమోదం పొందాలి. కానీ ఫైలు నడిపేది, సిబ్బందిని ఆజ్ఞాపించేది, టెండరు పిలిచేది కమిషనర్. ఆ కమిషనర్‌ను వేసేది, మార్చేది రాష్ట్ర ప్రభుత్వం. మేయర్‌కు కారు, ప్రోటోకాల్, మెడలో గొలుసు ఉంటాయి, ట్రాన్స్‌ఫర్ చేసే పెన్ను ఉండదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, 12వ షెడ్యూల్‌లో 18 పనులు నగరపాలికలకు ఇవ్వొచ్చు అని రాశారు. ఇవ్వొచ్చు అన్నారు, ఇవ్వాలి అనలేదు. ఆ ఒక్క అక్షరం దగ్గరే కథ అంతా ఉంది.

మేయర్ అయినవాళ్లు ఎంపీలు అవుతారా? మెట్టు మీద మెట్టు కదా?

బయటి నుంచి చూస్తే మెట్లలాగే కనిపిస్తుంది. మన దగ్గర మాత్రం మేయర్ కుర్చీ నుంచి ఢిల్లీకి దారి పడలేదు. నా అభిప్రాయం కాదు, 2024 ఎన్నిక చూడండి. కర్నూలు లోక్‌సభకు వైసీపీ తరఫున బి.వై. రామయ్య నిలబడ్డారు, 2021లో నగర మేయర్ అయినవారు. ఎదురుగా టీడీపీ నుంచి బస్తిపాటి నాగరాజు, ఊరు పంచలింగాల, అప్పటికి ఆయన ఎంపీటీసీ సభ్యుడు. ఎంపీటీసీ అంటే మండల పరిషత్‌లో ఒక చిన్న ప్రాదేశిక సీటు, మేయర్ ముందు అది ఎంత? నాగరాజు గెలిచారు. ఆ సంవత్సరం రాష్ట్రమంతా గాలి ఒకవైపు వీచింది, అది నిజమే, మేయర్ పదవి వల్లే ఓడిపోయారు అని నేను అనను. కానీ ఆ పదవి ఏమీ కాపాడలేదు అని మాత్రం అనొచ్చు. ఏడు నియోజకవర్గాల్లో ఆలూరు రైతుకు, మంత్రాలయం రైతుకు కర్నూలు మేయర్‌తో ఏం పని?

కడపలో ఒక ఉదాహరణ వేరే తీరుగా ఉంది. పి. రవీంద్రనాథ్ రెడ్డి 2005లో కడప మేయర్ అయ్యారు, తర్వాత 2014లోనూ 2019లోనూ కమలాపురం నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. దారి లేదన్నావే అని నన్ను పట్టుకోకండి, ఆయన గెలిచింది కడప నగరంలో కాదు, పైగా ఆయన జగన్ గారి మేనమామ అన్నది కూడా లెక్కలో వేసుకోవాలి.

కర్నూలులో అసలు ఎన్నికైన కౌన్సిలే చాలాకాలం లేదంటారు, నిజమా?

నిజం. మున్సిపాలిటీ 1994లో కార్పొరేషన్ అయింది. 2005లో ఎన్నికైన కౌన్సిల్ పదవీకాలం 2010లో అయిపోయింది, మళ్లీ ఎన్నిక జరిగింది 2021 మార్చి 10న. 2014లో అనంతపురం, కడప కార్పొరేషన్లకు ఎన్నికలు జరిగినా కర్నూలుకు జరగలేదు. దాదాపు పదకొండేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలన. ఆ మధ్యకాలంలో కార్పొరేటర్ కావాలని తిరిగిన కుర్రాళ్లు, నా షాపులో విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నవాళ్లే, పెళ్లిళ్లు చేసుకుని రియల్ ఎస్టేట్‌లోకి పోయినారు. రాజకీయాల్లో మొదటి మెట్టునే పదేళ్లు తీసేస్తే పైకి ఎక్కేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? 243యూ అధికరణం ఐదేళ్లకు మించి కౌన్సిల్ ఉండకూడదు, గడువు తీరేలోపు ఎన్నిక జరపాలి అంటుంది. అంటుంది, అంతే.

పాతకాలం నాయకులు మున్సిపాలిటీ నుంచే వచ్చారంటారు కదా?

వచ్చారు, అదే విచిత్రం. వల్లభ్‌భాయ్ పటేల్ 1924 నుంచి 1928 దాకా అహ్మదాబాద్ మున్సిపాలిటీ అధ్యక్షుడు. నెహ్రూ అలహాబాద్ మున్సిపాలిటీకి, రాజేంద్రప్రసాద్ పట్నా మున్సిపాలిటీకి పనిచేశారు. సుభాష్ చంద్రబోస్ 1924లో కలకత్తా కార్పొరేషన్ చీఫ్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్, 1930లో మేయర్. రాజాజీ అంతకుముందే సేలం మున్సిపాలిటీ ఛైర్మన్. అప్పట్లో భారతీయుల చేతికి వచ్చిన అధికారమే అంతమాత్రం, అందుకని పెద్దవాళ్లంతా అందులోకి దిగారు. స్వాతంత్య్రం వచ్చాక అసెంబ్లీ, పార్లమెంటు తలుపులు తెరుచుకున్నాయి, తెలివైనవాళ్లంతా అటు పోయినారు, మున్సిపాలిటీ వెనకబడింది.

మన జిల్లాలో కింది నుంచి ఢిల్లీ దాకా వెళ్లినవాళ్లు ఎవరు?

ముందుగా చెప్పాల్సింది కోట్ల విజయభాస్కర రెడ్డి పేరు. 1920 ఆగస్టు 16న పుట్టారు. స్థానిక పాలన అంటే ఈయనకు కర్నూలు జిల్లా పరిషత్, ఛైర్మన్‌గా చేశారు. ఇక్కడ గమనించండి, నగరం కాదు, జిల్లా పరిషత్. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి జిల్లాలో ప్రతి ఊరి ప్రెసిడెంట్ పేరు, అతనికి పడని వాడి పేరు, బడి ఎక్కడ కావాలో, రోడ్డు ఎక్కడ తెగిందో తెలుస్తుంది. లోక్‌సభకు పోయే ఓట్లు అక్కడే ఉన్నాయి. పైన చెప్పిన ఏడు సీట్ల లెక్క గుర్తుందా, అదీ సంగతి.

ఆ తర్వాత ఆయన అసెంబ్లీకి పోయారు, మంత్రి అయ్యారు, కర్నూలు నుంచి లోక్‌సభకు 1977, 1980, 1989, 1991, 1996, 1998లో ఆరుసార్లు గెలిచారు. మధ్యలో 1982 సెప్టెంబర్ 20న ముఖ్యమంత్రి. అప్పటికి కాంగ్రెస్ నాలుగేళ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్‌ను మార్చి నాలుగో మనిషిగా ఈయన్ను కూర్చోబెట్టింది. ఎన్టీఆర్ చైతన్యరథం ఊళ్లు తిరుగుతున్న రోజులవి. ఇల్లు అంటుకున్నాక నీళ్ల బిందె చేతికిచ్చినట్టు. 1983 జనవరి 9కి దిగిపోయారు, నాలుగు నెలలు కూడా నిండలేదు.

ఇంకొకరైతే అక్కడితో ఇంట్లో కూర్చునేవారు. ఈయన కేంద్రంలో మంత్రి అయ్యారు, నౌకాయానం, పరిశ్రమల శాఖలు చూశారు, 1991లో పి.వి. ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి. 1992లో నేదురుమల్లి జనార్దన్ రెడ్డి రాజీనామా చేయడంతో అక్టోబర్ 9న మళ్లీ హైదరాబాద్‌కు, రెండోసారి ముఖ్యమంత్రి. ఢిల్లీ నుంచి వచ్చిన మనిషికి అసెంబ్లీ సీటు కావాలి కదా, పాణ్యంలో కాటసాని రాంభూపాల్ రెడ్డి రాజీనామా చేస్తే అక్కడి ఉపఎన్నికలో గెలిచారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకితే 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం పెట్టింది ఈయన ప్రభుత్వమే. 1994 డిసెంబర్‌లో మళ్లీ ఎన్టీఆర్ చేతిలోనే పదవి పోయింది. రెండుసార్లూ ఆయనను దించింది ఒకే మనిషి. అయినా 1996లో, 1998లో కర్నూలు జనం లోక్‌సభకు పంపారు. 2001 సెప్టెంబర్ 27న పోయారు.

కొడుకు కోట్ల జయసూర్య ప్రకాశ్ రెడ్డి కూడా కర్నూలు ఎంపీ, 2012 నుంచి 2014 దాకా రైల్వే సహాయ మంత్రి.

సంజీవయ్య, సంజీవరెడ్డి కుర్చీలు మార్చుకున్నారంట?

మార్చుకున్నారు, అక్షరాలా. దామోదరం సంజీవయ్యది కర్నూలు పక్కనే పెద్దపాడు, నీలం సంజీవరెడ్డిది అనంతపురం జిల్లా ఇల్లూరు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు సంజీవరెడ్డి మొదటి ముఖ్యమంత్రి. 1960 జనవరిలో ఆయన కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళితే సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు, దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. 1962 మార్చిలో సంజీవరెడ్డి తిరిగి ముఖ్యమంత్రిగా వచ్చారు, సంజీవయ్య కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లారు. ఆయన అక్కడి నుంచి 1964లో కేంద్ర కార్మిక మంత్రి కూడా అయ్యారు. వృద్ధులకు పింఛను మన రాష్ట్రంలో మొదలైంది సంజీవయ్య హయాంలోనే. నెలనెలా పింఛను కాగితాలు జిరాక్స్‌కు తెచ్చే అవ్వలకు ఈ సంగతి చెప్తే "మా పెద్దపాడోడా!" అంటారు, అంతే, మిగతాది వాళ్లకు అక్కర్లేదు.

నీలం సంజీవరెడ్డి పదవి కర్నూలు బస్సుల వల్ల పోయిందా?

పోయింది. 1960ల మొదట్లో ప్రైవేటు బస్సుల రూట్లను ఆర్టీసీకి అప్పగించే పథకంలో కర్నూలు జిల్లా పడమటి రూట్లను ముందుగా తీసుకున్నారు. అక్కడి బస్సుల యజమానులు ముఖ్యమంత్రికి రాజకీయంగా పడనివాళ్లు కాబట్టే మా మీద పడ్డారు అని కోర్టుకెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణపత్రం వేసి ఆ ఆరోపణను ఖండించలేదు అన్నది పెద్ద పాయింట్ అయింది. 1964లో కోర్టు తీర్పులో వ్యతిరేక వ్యాఖ్యలు వచ్చాయి, సంజీవరెడ్డి రాజీనామా చేశారు, ఫిబ్రవరిలోనే కాసు బ్రహ్మానంద రెడ్డి వచ్చారు. ఆయన పోవాల్సిన అవసరం లేదు అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. నాకైతే రాజీనామా చేయడమే ఆయన పేరు నిలబెట్టింది అనిపిస్తుంది. ఒక జిల్లాలో నాలుగు బస్సు రూట్ల గొడవ ముఖ్యమంత్రి కుర్చీని కదిపిందంటే ఇప్పుడు నమ్ముతారా?

ఒకసారి ఓడిపోతే రాజకీయ జీవితం అయిపోయినట్టేనా?

మళ్లీ సంజీవరెడ్డినే చూడండి. 1952లో సొంత అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. నాగిరెడ్డి కమ్యూనిస్టు, అప్పుడు జైల్లో ఉన్నారు, పైగా దగ్గరి బంధువు. ఏడాది తిరిగేసరికి 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ప్రకాశం మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకర్ అయ్యారు, స్పీకర్ అయ్యాక పార్టీ సభ్యత్వం వదిలేశారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి ఈయనే, ఇందిరాగాంధీ మాత్రం అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు, పోటీదారు వి.వి. గిరికి ఓట్ల విలువ 4,20,077, ఈయనకు 4,05,427. సొంత పార్టీ ఓడించింది.

తర్వాత 1977. ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కు పోతే మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, జనతా పార్టీ, గెలిచింది సంజీవరెడ్డి. అప్పటికి నంద్యాల కర్నూలు జిల్లాలోదే. మళ్లీ స్పీకర్, అదే ఏడాది జులై 25న రాష్ట్రపతి, పోటీ లేకుండా. ఎనిమిదేళ్ల కింద ఓడిన పదవికి ఏకగ్రీవంగా వెళ్లారు.

పి.వి. నరసింహారావు నంద్యాలకు ఎందుకు వచ్చారు?

1991లో ప్రధాని అయినప్పుడు ఆయన ఎంపీ కాదు. ఆరు నెలల్లోపు ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి. గంగుల ప్రతాప్ రెడ్డి నంద్యాల ఖాళీ చేశారు, తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అభ్యర్థిని పెట్టలేదు, ఆధిక్యం 5,80,297. ఆ రోజుల్లో అది రికార్డు. 1996లో నంద్యాల, ఒడిశాలోని బరంపురం రెండూ గెలిచి బరంపురం ఉంచుకున్నారు. మావాళ్లు కొందరికి ఆ కోపం ఇంకా పోలేదు.

ఎమ్మెల్యేగా ఉంటూనే ఎంపీగా ఉండొచ్చా?

ఉండకూడదు. రెండూ గెలిస్తే 14 రోజుల్లో రాష్ట్ర సభ సీటు వదులుకోవాలి, లేకపోతే పార్లమెంటు సీటు పోతుంది. ముఖ్యమంత్రి అయినా ఆరు నెలలు ఎంపీగానే ఉండొచ్చు, ఎమ్మెల్యే కానంతవరకు చిక్కు లేదు. గిరిధర్ గమాంగ్ ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ సీటు వదల్లేదు, 1999 ఏప్రిల్ 17న వచ్చి ఓటేశారు, వాజ్‌పేయి ప్రభుత్వం 269, 270 తేడాతో ఒక్క ఓటుతో పడిపోయింది.

ఓట్లు అడక్కుండా ఢిల్లీకి వెళ్లే దారి రాజ్యసభేనా?

ఓట్లు అడగాలి, కాకపోతే మనల్ని కాదు, ఎమ్మెల్యేలను. కర్నూలు నుంచి టి.జి. వెంకటేశ్ అట్లా వెళ్లారు. ఆయన 1999లో టీడీపీ నుంచి, 2009లో కాంగ్రెస్ నుంచి కర్నూలు ఎమ్మెల్యే, రాష్ట్ర మంత్రిగా కూడా చేశారు, 2016 నుంచి 2022 దాకా రాజ్యసభ. టీడీపీ పంపితే 2019లో బీజేపీలో కలిశారు, పదవి ఎందుకు పోలేదు అని అడుగుతారు. టీడీపీ రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు కలిసి వెళ్లారు, మూడింట రెండొంతులకు తగ్గకపోతే రాజ్యాంగం పదో షెడ్యూల్ దాన్ని విలీనంగా చూస్తుంది, ఫిరాయింపుగా చూడదు. నచ్చినా నచ్చకపోయినా చట్టం అది.

ఎంపీకి జీతం ఎంత? ఆ ఐదు కోట్లు ఎవరి జేబులోకి?

జీతం నెలకు 1,24,000, 2023 ఏప్రిల్ నుంచి లెక్క. ఇతర భత్యాలు వేరే. ఆ ఐదు కోట్లు జేబులోకి రావు. ఎంపీలాడ్స్ అంటే ఏడాదికి 5 కోట్ల దాకా పనులు సిఫార్సు చేసే హక్కు, డబ్బు నడిచేది జిల్లా యంత్రాంగం ద్వారా. అందులో 15 శాతం ఎస్సీల ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీల ప్రాంతాలకు. ఏడు నియోజకవర్గాలకు పంచితే ఒక్కోదానికి ఏడాదికి 71 లక్షలు, అదీ సమానంగా పంచితే. కమ్యూనిటీ హాలు, బోర్లు, సీసీ రోడ్డు ముక్క, అయిపోయె.

ఎంపీ లెటర్‌తో కేంద్రీయ విద్యాలయలో సీటు వస్తుందా?

2022లో ఆ కోటా ఎత్తేశారు. తిరుమల దర్శనానికి లెటర్ ఇంకా నడుస్తుంది, జనం ఎక్కువగా ఎంపీ ఆఫీసుకు పోయేది దానికే.

డిపాజిట్, ఖర్చు ఎంత?

లోక్‌సభకు డిపాజిట్ 25,000, ఎస్సీ, ఎస్టీలకు సగం. అసెంబ్లీకి 10,000. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటకపోతే పోతుంది. ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో లోక్‌సభకు 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు. ఇది చదివి నవ్వకండి, నేను కాగితం మీద ఉన్నదే చెప్తున్నా.

మా అబ్బాయి రాజకీయాల్లోకి పోతానంటున్నాడు, కార్పొరేటర్‌గా మొదలుపెట్టమంటారా?

ఢిల్లీ మీద కన్ను ఉంటే మండలం వైపు పొమ్మనండి, నాకు తోచింది అది. నగరం మీద ప్రేమ ఉంటే కార్పొరేటర్‌గానే నిలబడమనండి, కాకపోతే అక్కడి నుంచి పైకి పోతానన్న ఆశ పెట్టుకోకుండా. మంచి కార్పొరేటర్ ఒక్కడు వీధిలో ఉంటే తెలుస్తుంది. మా వార్డులో ఒకాయన ఉండేవాడు, పొద్దున ఆరుకు లుంగీ మీదే వచ్చి వాల్వు తిప్పేవాడి పక్కన నిలబడేవాడు, నీళ్లు చివరి ఇంటికి చేరాకే ఇంటికి పోయేవాడు. తర్వాతసారి వార్డు రిజర్వేషన్ మారింది. ఇప్పుడు కిరాణా కొట్టు నడుపుతున్నాడు, నీళ్లు రాకపోతే జనం ఇప్పటికీ ఆయన కొట్టు ముందే నిలబడతారు.

అర్జీలో "దివ్య సముఖమునకు" అని రాయాలా?

అక్కర్లేదు. పేరు, వార్డు నంబరు, ఫోన్ నంబరు, పని ఏంటో రెండు వాక్యాలు. రెండు కాపీలు తీసుకుని ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. కల్లూరు వాళ్లయితే ముందు మీ ఎంపీ ఎవరో ఓటరు కార్డు చూసుకుని రండి.